అకాన్బీ చెవిన పడ్డ డోలు మాట

మా వీధి అకాన్బీ పెద్దయ్య రాష్ట్రం నీళ్ళ శాఖలో పైపులు బిగించి బిగించి రిటైరయ్యాడు. ఆయన బిగించిన పైపు ఏనుగు లాగినా ఊడదు. ఊరికే అనడం లేదు, నేనే ఏనుగుతో లాగించి చూశాను. ఎదురింటి ఒయెలాడే కేంద్రం రైల్వేలో గార్డు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే ఏడు రిటైరయ్యారు. మేం రోజూ తినే పెండలం ధర పెరిగిన ప్రతిసారీ అరుగు మీద కూర్చుని కలిసి తిట్టేవారు. ఆ తిట్లతోనే సగం కడుపు నిండేది.

ఇంతలో కేంద్రం వాళ్ళకు పింఛను పెరిగింది. రాష్ట్రం వాళ్ళకు మాత్రం "చూస్తాం" అన్నారు. ఆనాటి నుంచి అకాన్బీ ఎదురింటి గడప తొక్కలేదు. అక్కడ మేకమాంసం వేగితే ఇక్కడ కిటికీలు మూసేవాడు. వాసన గోడలోంచి వస్తోందని పెళ్ళాం మీద ఎగిరేవాడు.

శనివారం ఒయెలాడే విందు పెట్టి స్వయంగా పిలవడానికి వచ్చాడు.

"రారా, నువ్వు లేకపోతే నాకు ముద్ద దిగదు."

"నాకు అజీర్తి."

"ఏం తిని?"

ఆ రెండు ముక్కలకే అకాన్బీ ఒళ్ళు భగ్గుమంది. వెళితే కుళ్ళు దిగమింగాలి. వెళ్ళకపోతే ఉన్న ఒక్క నేస్తమూ దూరమవుతాడు. తలుపు గడియ పెట్టుకున్నాడు.

చంకలో నొక్కి వాయించే మా చంకడోలు అక్షరాలు పలకదు, మాట్లాడే గొంతులోని ఎత్తుపల్లాలనే పలుకుతుంది. మిగతాది వినేవాడే అతికించుకోవాలి. విందు మధ్యలో డోలు వాయించే మనిషి అయాన్తుండే, అకాన్బీ ఇంటివైపు తిరిగి ఒక్క దరువు వేశాడు. లోపలున్న ఆయనకు తేటగా వినిపించింది: "నీళ్ళోడి కుళాయి ఎండిపోయింది!"

తలుపు విరిగినంత పని చేసి బయటికొచ్చాడు.

"ఒరే డోలోడా! నా కుళాయి సంగతి నీకెందుకురా?"

"కుళాయేంటి పెద్దయ్యా? 'నీ నేస్తం ముద్ద చల్లారిపోయింది' అన్నాను!"

"ఏదీ, మళ్ళీ వాయించు!"

వాయించాడు. ఆయనకు మళ్ళీ కుళాయే వినిపించింది. విందుకొచ్చిన దర్జీకి "గుడ్డముక్క దాచేశావు" అని వినిపించిందేమో, తల దించుకున్నాడు. నాకు మాత్రం "అందగాడొచ్చాడు" అని వినిపించింది. డోలు అబద్ధం చెప్పదు కదా.

ఒయెలాడే నవ్వలేదు.

"నాకేం వినిపించిందో తెలుసా? 'పెరిగిందంతా పెండలమే మింగింది' అని. ఈ ఒక్క మేకతో సరిరా. రేపట్నుంచి నేనూ నీలాగే."

అకాన్బీ మెత్తబడతాడనుకున్నాం. ఆయన నేస్తం పక్కనే చతికిలబడి, గిన్నె దగ్గరికి లాక్కుని, అందులోకెల్లా పెద్ద ముక్క ఏరి పళ్ళెంలో వేసుకున్నాడు.

"పెరిగింది చాల్లేదని ఏడుస్తున్నావు నువ్వు. ఆ ఏడుపు ఏడ్చే భాగ్యమైనా నాకేదిరా?" అంటూ కసిగా నమిలి, "ఉప్పు తక్కువైంది" అని ఇంకో ముక్క కోసం పళ్ళెం ఒయెలాడే ముందుకు చాపాడు.