ఏటిమొగ పడవలకు సిగ్నల్

ఉదయం గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కాను. నేను సెల్ కంపెనీలో ఇంజనీరుని. దివిసీమ కొసనున్న ఒక రేవు పల్లెలో, సాయంత్రమైతే ఏటిమొగలో, అంటే కృష్ణ సముద్రంలో కలిసే చోట, పడవల్లోంచి ఫోన్లు కలవడం లేదని ఫిర్యాదు వచ్చింది. ఆఫీసువాళ్ళు కారు ఇస్తామన్నా వద్దన్నాను. చిన్నప్పుడు నాన్నతో తిరిగిన రైలు ఇది.

పెడనలో అద్దకం బట్టల మూటతో ఒక పెద్దాయన ఎక్కారు. "కిటికీ పక్కకి మీరు జరగండమ్మా, గాలి తగుల్తుంది" అన్నారు. నాన్న కూడా ఆ చోటు నాకే వదిలేవారు. బందరు దిగగానే హల్వా కొనిపెట్టేవారు. ఆయన పోయాక ఈ దారిన రావడం ఇదే మొదలు.

బందరులో ఇడ్లీ తిని బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరేసరికి మధ్యాహ్నం. భోజనం అక్కడే చేసెయ్యడం మంచిది, తర్వాత టీ కొట్లే. నాగాయలంక దాటాక షేర్ ఆటో.

రేవులో చేపలమ్మే నాగమణి కలిసింది. "మొన్న గాలివానప్పుడు మా ఆయన ఏటిమొగ నుంచి ఫోన్ చేస్తానే ఉన్నాడంటండీ. ఒక్కటీ కలవలేదు. పిల్లని చంకనేసుకుని ఇక్కడే నిలబడిపోయాను" అంది.

టవరు పనితీరు చూశాను. దానికున్న తరంగాలు కొన్నే, అందరూ పంచుకోవాలి. దగ్గరి ఫోనుకు కాస్త ఇచ్చినా వీడియో పరుగెడుతుంది. దూరపు పడవకు మాట అందాలంటేనే చాలా ఇవ్వాలి. సగటు వేగం బాగుండేలా అమర్చడంతో, ఊరంతా వీడియోలు చూసే వేళ పడవలకు ఏమీ మిగలడం లేదు.

పడవల మాటలకు వాటా పెంచుతానని మేనేజరుకు ఫోన్ చేశాను.

"సగటు పడిపోతుంది కదండీ, పైవాళ్ళకేం చెప్పను?"

"ఈ సాయంత్రం చూద్దామండీ. అడిగితే నా పేరు చెప్పండి."

"సరే, కానివ్వండి" అన్నారు.

వీడియోలకన్నా మాటలకు, అందులోనూ దూరపు ఫోన్లకు వాటా పెంచాను. గుడివాడలో మా వీధి చివరి ఫోను బూత్ గుర్తొచ్చింది. ఎంత వరసున్నా, ఆసుపత్రికి మాట్లాడాలన్నవాళ్ళకు అందరూ తప్పుకుని దారిచ్చేవాళ్ళు.

పొద్దు వాలింది. "ఏంటిది, మ్యాచ్ ఆగాగి వస్తంది" అని టీ కొట్టాయన విసుక్కున్నాడు. అంతలో నాగమణి ఫోను మోగింది.

"ఆఁ, వినపడతంది! ఎక్కడున్నావ్? అన్నం వండేశాలే, రా."

టీ కొట్టాయన తన ఫోను పక్కన పెట్టేసి, "వచ్చేస్తన్నాడా అమ్మాయ్?" అన్నాడు.

"వచ్చేస్తన్నాడు బాబాయ్" అని నాగమణి కళ్ళు తుడుచుకుంది.

రాత్రి అవనిగడ్డ లాడ్జీలో ఉండి, మర్నాడు బందరులో తిరుగు రైలెక్కాను. సగటు తగ్గిందని, అయినా పైవాళ్ళు కొత్త అమరికే ఉంచమన్నారని మేనేజరు చెప్పారు. వరిచేలు వెనక్కి జరుగుతుంటే, నిన్న నా నంబరు అడిగి తీసుకున్న నాగమణి ఫోన్ చేసింది.

"ఏం పని లేదండీ. మా ఆయన మళ్ళీ వేటకెళ్ళాడు. ఇప్పుడే మాట్లాడాను. మీకు చెబుదామనిపించింది."

ఇన్నేళ్ళూ వేగాలు కొలిచాను. ఏ పనీ లేకుండా ఒక మనిషి ఇంకో మనిషికి ఫోన్ చేసుకోవడం ఎంత సుఖమో ఈ ప్రయాణంలోనే చూశాను.