ఉగాండా అంతా తెలిసిన పెద్దమనిషి

మా ఆఫీసు హెడ్ క్లర్కుకు ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసు" అని అడ్డుకోవడం అలవాటు. ఉగాండా సఫారీకి టికెట్లు కొన్నాక మా దీవుల్లో మేం ఆఫీసుకెళ్ళే బాంబూఫ్లాట్ ఫెర్రీలో రోజూ ఆ దేశం గురించే గొప్పలు. అక్కడ ఆరేళ్ళు నర్సుగా పనిచేసి వచ్చిన మా చర్చి అక్క ఒక ఉదయం, "భయ్యా, అక్కడికెళ్ళాలంటే ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్..." అని మొదలుపెట్టింది.

"నాకు తెలుసు దీదీ."

అక్క, "మరి అక్కడ సముద్రం ఎలాగుంటాది?" అంది.

"సూపర్‌గుంటాది. దాని ముందు మన మిన్నీ బే తీరం కుఛ్ నహీ."

ఆ దేశానికి సముద్రమే లేదు. అక్క ఇక ఇంజెక్షన్ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంజెక్షన్ సర్టిఫికెట్ లేదని ఆయన్ని చెన్నైలో విమానం ఎక్కనివ్వలేదు. వారం తిరక్కుండానే ఫెర్రీలో ఎవరికో చెబుతున్నాడు: "ఉగాండాలో ఏముంది భయ్యా, సబ్ బేకార్."