ముడిసరుకు లేని పరిశ్రమ

2011లో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలయ్యేనాటికి నేను వరంగల్ జిల్లా పరిశ్రమల శాఖలో ప్రోత్సాహకాధికారిని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు నా కింద ఉండేవి. కొత్తగా పెట్టిన పరిశ్రమను చూసి, పత్రాలు సరిచూసి, రాయితీకి సిఫారసు చేయడం నా పని. అంతవరకు నేను సిఫారసు చేసినవన్నీ రైసుమిల్లులు, జిన్నింగు మిల్లులు, గ్రానైటు కోత యంత్రాలు.

ఆ ఏడాది మహబూబాబాద్‌లో ఒక చిన్న కంపెనీ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కేంద్రం పెట్టింది. విదేశాల్లోని డాక్టర్లు తమ రోగుల గురించి రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి, అదే రోజు తిరిగి పంపాలి. మా శాఖ దరఖాస్తు ఫారం మాత్రం మోటారు హార్స్‌పవర్ ఎంత, ముడిసరుకు ఏమిటి అని అడిగేది. ముడిసరుకు దగ్గర ‘మాటలు’ అని రాశాను. పై అధికారి తిప్పి పంపారు. చాలా ఉత్తరాలు నడిచాక ఒప్పుకున్నారు.

మాది జనగామ వైపు ఒకప్పటి దొరల కుటుంబం. కోటలాంటి మా ఇల్లు, గడీ, మా నాయన కాలంలోనే పోయింది. ఎవరినీ ఏదీ అడగని అలవాటు మాత్రం నాకు మిగిలింది. ఆ కేంద్రంలో అడుగుపెట్టినప్పుడల్లా, పోయినదానికంటే మేలైనది ఇక్కడ మొలుస్తోందనిపించేది. ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు మాట్లాడే సునీత అనే తండా అమ్మాయి, హెడ్‌ఫోన్‌లో ఇంగ్లీషు వింటూ తల ఎత్తకుండా టైపు చేసేది. ఆ కీబోర్డుల చప్పుడు మళ్లీ ఒకసారి వినాలని ఇప్పటికీ ఉంటుంది.

సమ్మెలో ప్రభుత్వ ఉద్యోగులమైన మేమూ విధులు మానేశాం. పాలబండ్లకు, దవాఖానలకు మినహాయింపు ఉండేది. ఇంకెవరికివ్వాలో స్థానిక సమ్మె శిబిరంలో తేల్చేవారు. పని ఆగితే వేరే ఊరికి ఇచ్చేస్తామని కంపెనీ చెప్పడంతో శిబిరానికి వెళ్లాను. శిబిరం కన్వీనర్ యాకయ్య మా ఊరి నుంచి వచ్చి మహబూబాబాద్‌లో స్థిరపడిన టీచరు. అతని తాత మా గడీలో వెట్టి చేసినవాడు.

“రా దొరా. మా తాత మీ గడీల నిలవడే మాట్లాడిండు. నువ్వు కూసో,” అన్నాడు.

జంపఖానా మీద కూర్చుని మినహాయింపు అడిగాను.

“పాలు లేకుంటె పోరగాండ్లు ఏడుస్తరు. గా మాటలు టైపు కొట్టకుంటె ఎవలు ఏడుస్తరు?”

“ఈ పని పోతే మళ్ల రాదు, యాకయ్యా.”

“నువ్వు సుత సమ్మెలనే ఉన్నవ్ గద. నీ పని పోయిందా?”

అందరూ నవ్వారు. నిరసనగా రోడ్డు మీద చేసే వంటావార్పుకు వచ్చిన ఆడవాళ్లలో సునీత కూడా ఉంది. యాకయ్య ఆమె వైపు తిరిగాడు.

“నువ్వే చెప్పు చెల్లె. పోతనంటె ఎవ్వలు ఆపరు.”

ఆమె, “ఇడువబుద్ధి అయితలేదన్నా. గాని తండ మొత్తం రోడ్డు మీద కూసుంటె నేనొక్కదాన్నే ఫ్యాన్ కింద ఎట్ల కూసుంట?” అంది. తర్వాత నాతో, “కంపెనోళ్లను జర ఆగుమను సార్. మల్ల వస్తం,” అంది.

ఆ మాటే ఫోన్‌లో కంపెనీకి చెప్పాను. వాళ్లు ఆగలేదు. సమ్మె విరమించాక నేను ఆఫీసుకు వెళితే ఫైళ్లు పెట్టినచోటే ఉన్నాయి. కేంద్రంలోని కంప్యూటర్లు మాత్రం అప్పటికే లారీ ఎక్కాయి. సునీత పత్తి ఏరడానికి పోతోందని తెలిసింది.

రాష్ట్రం వచ్చింది. దాన్ని కోరుకున్నవారిలో ఆమె ఉంది, నేనూ ఉన్నాను. ఆ పని మాత్రం తిరిగి రాలేదు. మిల్లు ఆగితే తాళం వేసినచోటే ఉంటుంది, తాళం తీస్తే నడుస్తుంది. చదువుతో నడిచే పని ఇక్కడ ఆగిన పూటే ఇంకోచోట మొదలవుతుంది. నా కుర్చీని కాపాడే నిబంధనలు ప్రభుత్వం దగ్గర ఎన్నో ఉండేవి. సునీత కుర్చీని కాపాడేది ఒక్కటీ లేదు.