క్రిసాంతో గుంబన్‌కు నాలుగు చేతులు

తోట కూలీల హాజరు మస్టరును నమ్మేమాటైతే నెగ్రోస్ దీవి మొత్తం మీద క్రిసాంతో గుంబన్‌ను మించిన పనిమంతుడు లేడు. వయసు నలభై ఆరు. నడుం పట్టేసి ఏడాదైంది, ఎడమ మోకాలు వంగదు. అయినా శనివారం వచ్చేసరికి మిగతావాళ్ళు ఒక సాలు కోసిన చోట ఆయన రెండు సాళ్ళ చెరకు కోసి ఉంటాడు. లారీ వచ్చిందంటే, దానికి ఆనించిన చెక్క పలక మీదుగా అందరూ ఒక మోపు ఎక్కించేలోగా ఆయన రెండు ఎక్కిస్తాడు. మస్టరులో అలాగే రాసి ఉంది మరి.

ఆ రెండో సాలు కోసేది, ఆ రెండో మోపు మోసేది ఆయన కూతురు జోవెలిన్. పదిహేడేళ్ళ పిల్ల, పన్నెండో తరగతి చదువుతోంది. పద్దెనిమిది నిండనివాళ్ళను చెరకు పనిలో పెట్టకూడదని చట్టం ఉంది. తోట యజమాని దొరగారికి చట్టమంటే మహా గౌరవం. అందుకని ఆ తోటలో పిల్లలెవరూ పనిచెయ్యరు, వాళ్ళ నాన్నలే రెండింతలు చేస్తారు.

శనివారం మధ్యాహ్నం మేస్త్రీ ఎస్తోయ్ కాటా పక్కన బల్ల వేసుకుని "క్రిసాంతో!" అని కేకేస్తే జోవెలిన్ వెళ్ళి సంతకం పెట్టేది. క్రిసాంతో చదివింది రెండో తరగతి. కొడవలి పట్టినంత ధైర్యంగా కలం పట్టలేడు. పన్నెండేళ్ళప్పటి నుంచీ నాన్న పేరు రాసి రాసి, జోవెలిన్‌కు తన పేరు కన్నా అదే చకచకా వచ్చేది.

"మీ నాన్న బాగా కష్టపడుతున్నాడే ఇందాయ్," అనేవాడు మేస్త్రీ నవ్వుతూ, అక్కడ ఆడపిల్లల్ని పిలిచే పిలుపుతో. "ఈమధ్య జడ కూడా పెంచుతున్నట్టున్నాడు?"

"జడేంటి నోంగ్, సోమవారం లెక్కల పరీక్ష కూడా రాస్తున్నాడు," అనేది ఆ పిల్ల, పెద్దవాళ్ళని పిలిచినట్టే మర్యాదగా. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. వాళ్ళలో సగం మందికి ఇంట్లో అలాంటి జడలే ఉన్నాయి.

సోమవారం నుంచి గురువారం దాకా బడి. శుక్రవారం, శనివారం తోట. పంచదార మిల్లు ఆడినన్నాళ్ళూ జోవెలిన్ వారం ఇలాగే నడిచేది. శుక్రవారం ఎందుకు రాలేదని అడిగితే కడుపునొప్పి అని చెప్పేది. వారం వారం కరెక్టుగా శుక్రవారమే వచ్చే ఆ నొప్పి గురించి ఏ మాస్టారూ ఆరా తియ్యలేదు. క్లాసులో మరో తొమ్మిది మందికి అదే జబ్బు.

ఇలా ఉండగా బడికి పరిశోధన అనే కొత్త జబ్బు ఒకటి పట్టుకుంది. పన్నెండో తరగతి పిల్లలు ముగ్గురేసి జట్టు కట్టి, ఎవరో ఒకరి జీవితానుభవాలు కనిపెట్టి, అట్ట వేసి పుస్తకంగా ఇవ్వాలి. ట్రైసికిల్ తోలేవాళ్ళ జీవితానుభవాలు, ఎండుచేపలు అమ్మేవాళ్ళ జీవితానుభవాలు, శవపేటికలు చేసేవాడి జీవితానుభవాలు అన్నీ అయిపోయాయి. రెండేళ్ళలో ఆ ఊళ్ళో అనుభవాలు అడిగించుకోని మనిషి మిగల్లేదు. పరిశోధన పాసవకపోతే మాత్రం మార్చ్ లేదు. మార్చ్ అంటే చదువు ముగిసిన రోజున తెల్లగౌను వేసుకుని, బాజా మోగుతుంటే, తల్లినో తండ్రినో పక్కన పెట్టుకుని వేదిక దాకా నడవటం. గుంబన్‌ల ఇంట్లో ఇంతవరకూ ఎవరూ మార్చ్ చెయ్యలేదు. క్రిసాంతో ఆ రోజుకి సెలవు కావాలని క్రిస్మస్‌కు ముందే మేస్త్రీ చెవిన వేశాడు. ఆ తరవాత ప్రతివారం గుర్తు చేసి ఆయన్ను విసిగించాడు.

జోవెలిన్ జట్టుకు నాయకురాలు ప్రిన్సెస్ మే. వాళ్ళ నాన్నకు సిమెంటు, ఇనుము కొట్టు ఉంది. ఆ పిల్లకు ల్యాప్‌టాప్ ఉంది. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళే నాయకులు కావాలని రూలేమీ లేకపోయినా ఆ బడిలో ఇంకోలా జరిగిన దాఖలా లేదు. మూడోవాడు కెంట్ లాయిడ్. ప్రిన్సెస్ మే ఏమన్నా "అవునవును" అనటం అతని బాధ్యత.

"ఏడిపించే టాపిక్ కావాలి. పోయినేడు గుడ్డివాళ్ళ మీద చేసినవాళ్ళకి మెడల్ వచ్చింది తెలుసా?" అంది ప్రిన్సెస్ మే. "చెరకు కోసే స్టూడెంట్స్ మీద చేద్దాం. మనకి జోవెలిన్ ఉందిగా!"

"అవునవును," అన్నాడు కెంట్ లాయిడ్.

అయిదుగురిని ఇంటర్వ్యూ చెయ్యాలి. జోవెలిన్ నలుగురిని పట్టుకొచ్చింది, ఇద్దరు పినతండ్రి పిల్లలు, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు. వాళ్ళతోపాటే సాలు కోస్తూ, నీళ్ళు తాగటానికి ఆగినప్పుడల్లా ఒక ప్రశ్న అడుగుతూ, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసింది. నలభై పేజీలైంది. ప్రిన్సెస్ మే దాన్ని టైపు కొట్టి, చాలా అలిసిపోయానని రెండు రోజులు అందరికీ చెప్పుకుంది. అయిదోవాడిగా అనుకున్న కుర్రాడు బడి మానేసి మనీలాలో కట్టుబడి పనికి వెళ్ళిపోవటంతో ఒకరు తక్కువపడ్డారు.

ఆ శుక్రవారం భోజనాల వేళ ప్రిన్సెస్ మే గొడుగు వేసుకుని తోటకొచ్చింది. వెనకాల అట్ట, కాగితాలు పట్టుకుని కెంట్ లాయిడ్. జోవెలిన్ లారీ నీడలో కూర్చుని గినామోస్‌తో అన్నం తింటోంది. ఆ చేపల ముద్ద వాసనకు ప్రిన్సెస్ మే నాలుగడుగులు దూరంగానే ఆగింది.

"ఇక్కడ పనిచేస్తుంటే నీకెలా అనిపిస్తుంది?"

"ఏంటి?"

"అదే, నీ బాధ."

"ఇప్పుడైతే ఆకలిగా ఉంది."

"అలా కాదే! సరే, ముఖానికి చొక్కా ఎందుకు చుట్టుకుంటారు మీరంతా?"

"చుట్టుకోకపోతే నూగు కళ్ళల్లో పడుద్ది, ఆకు చెంపలు కోసేస్తది. ఒక గంట చుట్టుకోకుండా నిలబడు, నేను చెప్పేదేంటి, నీకే తెలుస్తది."

కెంట్ లాయిడ్ అట్ట ముందుకు చాపాడు. "ఊరికే, అయిదో నంబరు నింపటానికి. ఇంటర్వ్యూకి ఒప్పుకున్నానని ఇక్కడ సంతకం పెట్టు." అప్పుడే మేస్త్రీ ఈల వేశాడు. జోవెలిన్ గబగబా చెయ్యి తుడుచుకుని, గీసిన గీత మీద రాసిచ్చి లారీ దగ్గరకు పరిగెత్తింది. ఏం రాసిందో ఆమె చూడలేదు. పరిశోధకులిద్దరూ కూడా చూడలేదు.

రెండు వారాల తరవాత జట్టు మెసేజీల్లోకి పుస్తకం అట్ట వచ్చింది. అట్ట మీద రెండే పేర్లున్నాయి. మొదట్లో జోవెలిన్ తన ఫోను తెర పగిలినచోట మూడో పేరు దాక్కుందనుకుంది.

"నువ్వు అయిదో నంబరువి కదా," అంది ప్రిన్సెస్ మే మర్నాడు, అద్దంలో చూసుకుంటూ. "ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళు పరిశోధకులు కాకూడదట, మేడం రూల్. ఫీలవకు. నువ్వే మా పరిశోధనకి హృదయం."

హృదయానికి మార్కులుంటాయా అని అడగటానికి జోవెలిన్ పరిశోధన పాఠం చెప్పే వెనాన్సియా మేడం దగ్గరకెళ్ళింది.

"రూలంటే రూలే ఇందాయ్," అంది మేడం. "నువ్వు ఇచ్చేవైపు ఉన్నావు, వాళ్ళు తీసుకునేవైపు ఉన్నారు. నీకు ధన్యవాద పత్రం ఇస్తారు. ఒక బిస్కట్ పాకెట్టూ జ్యూసూ కూడా."

"నాకు పరిశోధన మార్కు మేడం? మార్చ్?"

"అది మీ లీడర్‌తో మాట్లాడుకో."

బిస్కట్ పాకెట్‌తో మార్చ్ చెయ్యటం కుదరదు. ఆ సాయంత్రం నాన్న మేస్త్రీ దగ్గర బూట్లు అడిగి తెచ్చుకుని, కాలు పడుతుందో లేదో చూసుకుంటుంటే జోవెలిన్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఆయనకు సంగతి చెప్పలేకపోయింది.

పరిశోధన వినిపించే రోజు వచ్చింది. ఆ ఊళ్ళో దానికొక మర్యాద ఉంది. వినటానికి వచ్చిన పెద్దలకు పిల్లలే భోజనం పెట్టాలి. ఎంత రుచిగా పెడితే అంత తక్కువ ప్రశ్నలు వస్తాయని అందరి నమ్మకం. ప్రిన్సెస్ మే పాన్సిత్ నూడిల్స్, వేయించిన లుంపియా చుట్లు తెప్పించింది. వడ్డించటానికి మనిషి కావాలని జోవెలిన్‌ను పిలిచింది. హృదయం జ్యూసు కూజా పట్టుకుని గోడ పక్కన నిలబడింది.

వినేవాళ్ళు ఇద్దరు. ఒకరు ప్రిన్సిపాల్ దియోస్కోరో, రెండో ఆవిడ పట్నం కాలేజీ నుంచి వచ్చిన లెక్చరర్. ప్రిన్సెస్ మే మొదలుపెట్టింది. "మేము కనిపెట్టిన మొదటి అంశం, సిగ్గు. వీళ్ళు తమను ఎవరూ గుర్తుపట్టకూడదని ముఖానికి చొక్కా చుట్టుకుంటారు. అయిదో వ్యక్తి ఈ మాట చెప్తూ కంటతడి పెట్టింది." ప్రిన్సిపాల్ నోటినిండా పాన్సిత్ పెట్టుకుని బాధగా తలాడించాడు. ఆ రోజు కంటతడి పెట్టినట్టు జోవెలిన్‌కే తెలియదు.

లెక్చరర్ తినటం మానేసి పుస్తకం చివరి కాగితాలు తిప్పుతోంది.

"ఈ అయిదో వ్యక్తి ఎవరు? ఆడపిల్ల, పన్నెండో తరగతి అని రాశారు. సంతకం క్రిసాంతో గుంబన్ అని ఉందే?"

ప్రిన్సెస్ మే మొహం పాలిపోయింది. "అది... తనే మేడం," అంటూ గోడ వైపు చూపించింది.

"నీ పేరు క్రిసాంతోనా అమ్మా?"

"కాదు మేడం, మా నాన్న పేరు."

"మరి నువ్వెందుకు పెట్టావ్?"

"తోటలో నేనేం చేసినా ఆయన పేరే పెడతాను మేడం. అక్కడ కూర్చునే కదా పెట్టింది, అలవాటుగా చెయ్యి పోయింది."

లెక్చరర్ ఆమెను ఎగాదిగా చూసింది. "అయితే ఈ అమ్మాయి తన పేరుతో ఒప్పుకోలేదు. అయిదో వ్యక్తి లెక్కలోకి రాదు. సరే, మిగతా నలుగురివీ రాసిందెవరు? వెనక జతచేసిన నోటుబుక్కు పేజీల్లోనూ ఈ సంతకం దస్తూరీయే ఉంది."

"నేనే మేడం."

"మరి అట్ట మీద నీ పేరేదీ?"

ప్రిన్సెస్ మే కిటికీ వైపు చూసింది. కెంట్ లాయిడ్‌కు అవునవును అనాలో వద్దో తేలలేదు. జోవెలిన్ గుండె మాత్రం ఎగిరి గంతేసింది. బయటి మనిషి ఒకరు ఆమె పేరేదని అడగటం అదే మొదటిసారి.

ప్రిన్సిపాల్ చేతిలో లుంపియా నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆయనకు అర్థమైంది వేరే. బడి వేదిక, దాని పైకప్పు, క్లాసుల్లో ఫ్యాన్లు అన్నీ తోట దొరసాని ఇచ్చినవి. తోటలో పిల్లలు తండ్రుల పేర్లతో పనిచేస్తారని బడి ముద్రతో పుస్తకం వస్తే, ముందు ఆగేవి ఆ ఫ్యాన్లే. ఆయన మూతి తుడుచుకుని, చాలా మంచి చర్చ జరిగిందన్నాడు. లెక్చరర్‌కు జీపు టైమైంది. ఆవిడ జోవెలిన్ భుజం తట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్ళిపోయింది.

తరవాత ప్రిన్సిపాల్ జోవెలిన్‌ను గదిలోకి పిలిచాడు.

"నీ పేరు అట్ట మీద పెట్టిస్తానమ్మా. అన్నిటికన్నా పైన పెట్టిస్తా. ఒక్క పేజీ మారిస్తే చాలు. మీరు అయిదుగురూ పనిచెయ్యరు. మీ నాన్నలకి అన్నం పట్టుకెళ్తారు. అంతేగా?"

"కోస్తాను సర్. మోస్తాను కూడా."

"ఎక్కడుంది? మస్టరులో ఉందా నీ పేరు?"

జోవెలిన్ తల అడ్డంగా ఊపింది.

"లేదుగా! మరి ఇంకొకళ్ళ పేరుతో సంతకం పెట్టటం ఫోర్జరీ అని తెలుసా? అది పైకి రాయాల్సి వస్తే మార్చ్ సంగతి నేనేం చెయ్యలేను. నీ మంచికే చెప్తున్నా ఇందాయ్."

బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. జోవెలిన్ కలం తీసుకుంది. ఈసారి తన పేరే రాసింది, ఒక్కో అక్షరం చూసుకుంటూ. బుద్ధెరిగాక తన పేరుతో పెట్టిన మొదటి పెద్ద సంతకం అది, తను ఏనాడూ చెరకు కొయ్యలేదని. బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. అక్కడ ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చింది. ప్రిన్సిపాల్ మీద ఎంత కోపం వచ్చిందో తన మీద అంతకు రెట్టింపు వచ్చింది.

ఇంటికెళ్ళి నాన్నకు చెప్పింది, దాచకుండా అంతా.

"పేరైతే ఉందిగా?" అన్నాడు క్రిసాంతో.

"ఉంది."

"మార్చ్ చేస్తావుగా?"

"చేస్తా. కానీ నాన్నా, నేనసలు పనే చెయ్యలేదని రాశాను. నీకు కోపం రావట్లేదా?"

"ఎందుకే కోపం? మేస్త్రీకి కూడా తలనొప్పి ఉండదు." ఆయన నిజంగానే సంతోషపడ్డాడు. అది చూస్తుంటే జోవెలిన్‌కు మరీ కష్టంగా అనిపించింది.

మార్చ్ రోజున ఎండ మండిపోతోంది. క్రిసాంతో బిగుతు బూట్లలో కుంటుతూ కూతురి పక్కన నడిచాడు. ఉత్తమ పరిశోధన మెడల్ వాళ్ళ జట్టుకే వచ్చింది. 'తండ్రులకు అన్నం మోసే చిట్టి చేతులు' అని పుస్తకానికి కొత్త పేరు పెట్టారు. అది చదివి దొరసాని కళ్ళు తుడుచుకుందని ప్రిన్సిపాల్ మైకులో చెప్పాడు. మెడళ్ళు ఇవ్వటానికి ఆవిడే వచ్చింది, తెల్లటి దుస్తుల్లో, విసనకర్రతో.

"ఎక్కడమ్మా మీ ఇల్లు?" అని అడిగింది దొరసాని.

"మీ తోటలోనే అమ్మగారూ."

"ఓహో! నాన్నకి నువ్వేనా అన్నం తీసుకెళ్ళేది?"

పక్కనే ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నాడు. "నేనే అమ్మగారూ," అంది జోవెలిన్.

"బంగారు తల్లి! పిల్లలు చదువుకోవాలి," అంటూ దొరసాని చెయ్యి చాపింది. జోవెలిన్ అందుకుంది. కొడవలి పిడి పట్టి అయిదేళ్ళుగా కాయలు కాసిన అరచెయ్యి ఆవిడ మెత్తటి వేళ్ళను పట్టుకుంది. దొరసాని నవ్వు అక్కడే ఆగింది. కిందికి, తన చేతివైపు చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ తోటలో ఉన్న మనిషి, అలాంటి చెయ్యి ఎలా తయారవుతుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

జోవెలిన్ వదల్లేదు. ఫొటోగ్రాఫరు ఇటు చూడండమ్మా అన్నాడు. దొరసాని మళ్ళీ నవ్వాల్సి వచ్చింది. జోవెలిన్ కూడా నవ్వింది, ఫొటో తీయటం అయ్యేదాకా ఆ చేతిని గట్టిగా పట్టుకునే ఉంది.