మ్యాట్ నలుపు తీర్మానం, చిలకాకుపచ్చ సవరణ

నా పాత సైకిలు ఫ్రేముకు మెరిసే పెయింటు వేయించాలా, మెరుపు లేని మ్యాట్ వేయించాలా అన్న అంశంపై పదిహేను రోజులుగా మా ఇంట్లో సాగిన చర్చ ఈ ఉదయం ముగిసింది. మ్యాట్ నలుపు వేయించాలని నేను ఏకగ్రీవంగా తీర్మానించాను. ఆ సమయంలో మా ఆవిడ పోపు వేస్తున్నందున అభ్యంతరాలేవీ నమోదు కాలేదు.

శ్రీకాకుళంలో మా వీధి చివర ఉండే పెయింటరు సూరన్న ఈ తీర్మానం విని స్ప్రే గన్ను కింద పెట్టేశాడు.

"మెరుపు నేకపోతే అదేటి పెయింటు బాబూ? సూసినోలు సూరన్న సగం పని సేసి ఒగ్గేశాడంతారు. నా పేరు పోతాది."

ఒక కళాకారుడి ప్రతిష్ఠకు సంబంధించిన విషయం కావడంతో తీర్మానాన్ని అక్కడికక్కడే సవరించి, మెరిసే చిలకాకుపచ్చకు ఆమోదం తెలిపాను.

సాయంత్రానికి ఫ్రేము అద్దంలా తయారైంది. అందులో నా వయసు పదేళ్లు తగ్గి కనిపించింది. ఆ ఆనందంలో, రంగు ఆరిందో లేదో స్వయంగా తనిఖీ చేయడం నా బాధ్యతగా భావించి బొటనవేలితో నొక్కాను. ఆరలేదు. సీటు కింద నా వేలిముద్ర స్పష్టంగా పడింది.

సరిచేయమని బతిమాలాను. సూరన్న దాన్ని చాలాసేపు పరిశీలించాడు.

"ఉంచేయండి బాబూ. మెరుపు నా పని, ఏలిముద్ర మీ పని. రేపు సైకిలు ఎవులైనా ఎత్తుకుపోతే ఇదే సాచ్చికం."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ కాగితం మీద సంతకం చేసినా నాకు ఇంత సంతోషం కలగలేదు.

మ్యాట్ పక్షంవారు తమ అభ్యంతరాలను కింద కామెంట్లలో దాఖలు చేయవచ్చు. బొటనవేలు ఇంకా పచ్చగానే ఉన్నందున జవాబులు ఆలస్యం కాగలవు.