ఒకే ఆదివారం పుట్టిన ఇద్దరు

మా చర్చిలో చెప్పుకునే కథ ప్రకారం నా స్నేహితురాలిని మళ్లీ గల్ఫ్‌కి పంపించింది నేనే. వీసాల ఆఫీసుకెళ్లి ఇంగ్లీషులో దులిపేశానట, వాళ్లు హడలిపోయి ముద్ర కొట్టేశారట. వినడానికి బాగానే ఉంటుంది. నేను ఇంగ్లీషులో అరిచిన మాట నిజం. దానివల్ల జరిగిందల్లా గార్డు వచ్చి నన్ను వరండాలో కూర్చోబెట్టడం. పని నావల్ల కాలేదు. ఎవరివల్ల అయిందో ఆ మనిషి ఊసు వాళ్లు చెప్పుకునే కథలో ఎక్కడా రాదు. అందుకే రాస్తున్నాను.

మాది కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్. శ్రీకాకుళం వైపు నుంచి ఓడల పనికి వచ్చినవాళ్ల మనవరాళ్లం. మేం పుట్టిన రోజుల్లో కాన్పులు ఇళ్లలోనే, తేదీ రాసుకునే అలవాటు ఎవరికీ లేదు. ఏడాదికోసారి ఒక ఆదివారం, ఆ సంవత్సరం పుట్టిన పిల్లలందర్నీ తల్లులు చర్చికి తెచ్చేవారు. పాస్టరుగారు వరసగా పేర్లు పెట్టి ప్రార్థన చేసేవారు. తర్వాత బడిలో వేసేటప్పుడు ఆ ఆదివారాన్నే పుట్టినరోజుగా రాయించేవారు. బైబిల్లో ఆడవాళ్ల పేర్లు ఎన్నని ఉంటాయి? ఒకే వరసలో అదే పేరు ఇద్దరు ముగ్గురికి వచ్చేది. ఇంటిపేరు చెప్పుకోవడం ఎప్పుడో మానేశాం. మాకు అది ఇబ్బందే కాదు. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకామెని పొడుగుది అనేవాళ్లం, ఇంకొకామెని పొట్టిది అనేవాళ్లం. పాస్‌పోర్టులో అలా రాయరు కదా.

నా స్నేహితురాలు పొట్టిది. గల్ఫ్‌లో మంచాన పడ్డ ఒక ముసలావిడని చూసుకునే పని. తల్లి కంటి ఆపరేషనుకని సెలవు మీద వచ్చి, తిరిగి వెళ్తే, అక్కడి విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి మనిషి కంప్యూటరు తెర చూసి పాస్‌పోర్టు లాక్కున్నాడు. నీకు ఈ దేశంలో నిషేధం ఉంది, పో అన్నాడు. వచ్చిన విమానంలోనే ఎక్కించారు. ఎప్పుడో పొడుగుది అదే దేశంలో పనిచేస్తూ యజమాని ఇంటి నుంచి పారిపోయి పట్టుబడింది, వెళ్లగొట్టారు. పాత జాబితాలని ఈమధ్య కొత్త కంప్యూటర్లలోకి ఎక్కించారట. అదే పేరు, అదే పుట్టినరోజు, అదే కలకత్తా. ఆ నిషేధం వచ్చి నా స్నేహితురాలి నెత్తిన పడింది.

"ఏటీ సెయ్యకుండానే తిప్పి పంపుతారేటి?" అంది మా కుళాయి దగ్గర ఒక పిన్ని.

"నువ్వేటి సేసావని మీ ఆయన పుట్టింటికి తిప్పి పంపీసాడు పిన్నీ?" అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు, కనీసం నా ఎదుట.

మాటలకేం, అసలు సంగతి ఉద్యోగం. క్రేన్ కింద పడి నా స్నేహితురాలి భర్త నడుం పోయింది. ఇల్లు ఆమె మీదే నడుస్తోంది. రంజాన్ వరకు చూస్తాం, తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటామని ముసలావిడ కూతురు ఫోను చేసి చెప్పింది.

వీసాల ఆఫీసులో ఉద్యోగి మర్యాదస్తుడే. "దిది, మీరు అరిస్తే ఇద్దరు మనుషులు అయిపోరు. ఆ రెండో ఆమె స్వయంగా వచ్చి, అప్పుడు వెళ్లగొట్టింది నన్నే అని చెప్పి సంతకం పెడితే పైకి పంపుతాను" అన్నాడు.

పొడుగుది మా పక్క పేట మెటియాబ్రుజ్‌లో ఒక దర్జీ ఖానాలో గౌన్లకు బొత్తాలు కుడుతోంది. నేనే వెళ్లాను. కుట్టుమిషన్ల మోతలో నా మాట నాకే వినపడలేదు.

"ఏటప్పా, దారి తప్పినావా?" అంది తలెత్తకుండానే.

సంగతంతా చెప్పాను. సూది ఆపి విన్నది.

"నాను మళ్లీ అక్కడికే ఎల్దామని కాయితాలెట్టుకున్నాను. పుట్టినరోజు మార్సి కొత్త పాస్‌పోర్టు సేయించుకున్నాను. ఇప్పుడెల్లి నానే అంటే నా దారి మూసుకుపోదేటి? దానికి నడుం పోయినా మొగుడున్నాడు. నాకెవులున్నారు?"

"అయితే సెయ్యని తప్పుకి అది ఇంట్లో కూకోవాలా?"

"నాను మాత్రం సేసినానేటి తప్పు? తిండెట్టకుండా కొట్టీవోరు. పారిపోక సచ్చిపోవాలా? కాలేజీ సదువు సదివినావు కదా, సెప్పు."

బొత్తాల డబ్బా తన వైపు లాక్కుని ఆమె పనిలో పడింది.

ఇంటికొచ్చి నా స్నేహితురాలికి అన్నీ చెప్పాను. మర్నాడు తను పొడుగుదాని దగ్గరికి బయల్దేరింది. నేనూ లేచాను.

"నువ్వొద్దే. నీ నోరు అసలొద్దు" అంది.

మధ్యాహ్నం వెళ్లిన మనిషి దీపాలు పెట్టే వేళకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏమైందని అడిగితే, టీ పెట్టమంది.

తర్వాతి వారం ఆఫీసుకి పొడుగుది వచ్చింది. పండగలకి కట్టుకునే చీరలో వచ్చింది. ఉద్యోగి రెండుసార్లు అడిగాడు, బాగా ఆలోచించుకున్నారా అని. "నేనే" అని బెంగాలీలో చెప్పి సంతకం పెట్టింది. మళ్లీ వెళ్లడానికి ఆమె పెట్టుకున్న దరఖాస్తుని అతను తీసి, మా కళ్ల ముందే పక్కన పడేశాడు. ఆమె అటు చూడను కూడా లేదు. నేను వరండాలో కాదు, ఈసారి లోపలే ఉన్నాను, నోరు మూసుకుని.

రంజాన్‌కి ముందే నా స్నేహితురాలు వెళ్లిపోయింది. మా చర్చిలో స్తుతి ప్రార్థన చేయించారు, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి. లేచి, ఇది నేను చేసిన పని కాదు అన్నాను. ఎంత వినయమో చూడండి అన్నారు పాస్టరుగారు! నా గురించి ఆ మాట అన్నవాళ్లు ఆయన ఒక్కరే. పొడుగుదాన్ని ఎవరూ పిలవలేదు. నేను పిలిస్తే రాలేదు. ఆమె ఇంకా అక్కడే బొత్తాలు కుడుతోంది. ఏ ఏజెంటూ ఇక ఆమె కాగితాలు ముట్టుకోడు.

ఫోనులో నా స్నేహితురాలిని ఎన్నిసార్లు అడిగానో. "మాటాడుకున్నాం అంతే" అంటుంది, వెంటనే ముసలావిడ పిలుస్తోందని పెట్టేస్తుంది. పొడుగుదాన్ని అడిగితే, "పనైపోయింది కదప్పా, నీకెందుకు?" అంటుంది.

నాకెందుకంటే, ఆమె జాలిపడి వచ్చిందా, లేక కాదనలేని మాటేదో వేసి మేం ఈడ్చుకొచ్చామా అన్నది నాకు తెలియాలి. ఆ మధ్యాహ్నం నా స్నేహితురాలు ఆమెని ఏమడిగింది?