కంపెనీ తరఫున చెప్పిన మాట

ఆటోనగర్‌లో ఇనప షెడ్లు కట్టే ఒక కంపెనీలో ఇష్రత్ చాలా ఏళ్ళు అకౌంట్స్ చూసింది. బీకాం అవగానే చేరింది. యజమాని రామకోటేశ్వరరావు అప్పటికింకా స్కూటర్ మీదే తిరిగేవాడు. ఇష్రత్ వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రక్తం కోసం ఊరంతా ఆయనే పరిగెత్తాడు. ఆయన మాటంటే ఆమెకి అంత గురి.

నాలుగేళ్ళ కిందట కొండపల్లి దగ్గర షెడ్డు కడుతుంటే వెల్డర్ లాజరు పైనుంచి పడ్డాడు. నడుం విరిగింది. లేచి తిరుగుతాడు గానీ ఇక నిచ్చెన ఎక్కలేడన్నారు. ఆసుపత్రి ఖర్చు కంపెనీ పెట్టుకుంది. పరిహారం కోసం కేసు వెయ్యమని తోటివాళ్ళు లాజరుకి చెబుతున్నారని తెలిసి, రామకోటేశ్వరరావు ఇష్రత్‌ని పిలిచాడు.

"అమ్మా, నువ్వు చెబితే వింటారు. కేసులూ గీసులూ వద్దను. చేతిలో కాస్త డబ్బు ఆడగానే మొత్తం ఇచ్చేద్దాం."

ఇష్రత్ గుణదలలో లాజరు ఇంటికెళ్ళి అదే చెప్పింది. అతని భార్య బ్లెస్సీ మంచం పక్కన నిలబడి అంతా విని, "కాయితం ఏదన్నా రాసిస్తారా అక్కా?" అని అడిగింది.

"కాయితమెందుకు? నేను లేనా?" అంది ఇష్రత్.

వాళ్ళు కేసు వెయ్యలేదు. ఆ ఏడాది లెక్కల్లో ఇష్రత్ లాజరు పరిహారాన్ని కంపెనీ ఇచ్చితీరాల్సిన బాకీగా చూపించి, అంతమేర లాభం తగ్గించింది. డబ్బు విడిగా దాచినట్టు కాదు, బాకీ ఉందని కంపెనీ ఒప్పుకున్నట్టు. మరుసటేడూ అలాగే ఉంచింది.

మూడో ఏడు లెక్క తిరగబడింది. గుడివాడ వైపు ఒక రైస్‌మిల్లు వాళ్ళు గోడౌన్ కప్పు కారుతోందని చివరి బిల్లు ఆపేశారు. గొడవ లాయర్ల దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే బ్యాంకులో లోన్ పెంచమని అడగాలి. దానికి లాభం కనబడాలి.

"మిల్లు బిల్లు మొత్తం వచ్చేదేనని చూపించు. లాజరుది తీసెయ్," అన్నాడు రామకోటేశ్వరరావు.

"మిల్లువాళ్ళు ఇస్తారో లేదో తెలీదు కదండీ. లాజరుకైతే మనం ఇస్తామన్నాం."

"ఎవరన్నారు?"

తమాషాకి అంటున్నాడనుకుంది. కానీ ఆయన వేరేవాళ్ళ చేత లెక్కలు మార్పించేశాడు.

ఆడిటర్ జయపాల్ వచ్చి అన్నీ తిరగేశాడు. మిల్లు బిల్లు అలా చూపిస్తే ఒప్పుకోనని ముందే చెప్పేశాడు. తర్వాత, "రెండేళ్ళుగా ఉన్న ఈ పరిహారం ఎందుకు తీసేశారు?" అని అడిగాడు.

రామకోటేశ్వరరావు తడుముకోలేదు. "కంపెనీ ఎవరికీ మాటివ్వలేదండీ. అతను సేఫ్టీ బెల్టు పెట్టుకోలేదు. ఈవిడే జాలిపడి వాళ్ళింటికెళ్ళి ఏదో చెప్పొచ్చింది. లెక్కల్లోనూ ఈవిడే ఎక్కించింది. కేసు వేసే గడువు కూడా దాటిపోయింది. ఇంకెక్కడి బాకీ?"

గడువు అనేసరికి ఇష్రత్‌కి తనని గుణదల ఎందుకు పంపాడో అప్పుడర్థమైంది.

"మీరే కదా సార్ పంపింది?"

"నాకేం గుర్తులేదమ్మా."

జయపాల్ ఆమె వైపు తిరిగాడు. "రాతలో ఏమైనా ఉందా అండీ?"

లేదు. ఆయన పేజీ తిప్పేశాడు.

మర్నాడు ఉద్యోగం మానేసి, ఇష్రత్ నేరుగా లాజరు ఇంటికెళ్ళింది. జరిగింది దాచకుండా చెప్పింది. లాజరు గోడవైపు తిరిగి పడుకున్నాడు. బ్లెస్సీ అరవలేదు. "నేనప్పుడే కాయితం అడిగాను కదా మేడమ్," అంది. ఆ మేడమ్ అన్న పిలుపు ఇష్రత్‌కి చెంపదెబ్బలా తగిలింది.

ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కేసు తీసుకుంటారని ఒక లాయరు చెబితే, ఆ కారణం తనేనని ఇష్రత్ లేబర్ అధికారి ముందు సాక్ష్యమిచ్చింది. ఉద్యోగం పోయిన కక్షతో చెబుతోందన్నాడు కంపెనీ లాయరు. రామకోటేశ్వరరావు ఆమె ముఖంకేసి చూడలేదు. అధికారి కేసు తీసుకున్నాడు. వాయిదాలు నడుస్తుండగా, రావాల్సిన దాంట్లో సగానికి కంపెనీ రాజీకొచ్చింది. లాజరు ఇక ఆగలేక ఒప్పుకున్నాడు. "డబ్బులు పడ్డాయి మేడమ్," అని బ్లెస్సీ ఒక్కసారి ఫోన్ చేసింది.

ఇప్పుడు ఇష్రత్ వన్‌టౌన్‌లో మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తోంది. ఈ యజమాని మంచివాడనే అందరూ అంటారు. మొన్న ఆయన, డ్రైవరుకి బోనస్ వచ్చే నెల ఇస్తామని చెప్పమన్నాడు.

"మీరే చెప్పండి సార్," అంది ఇష్రత్.

ఆయన నొచ్చుకున్నాడు. ఆమె తలెత్తకుండా పని చేసుకుంది.